ముప్పై దాటాక మాంగా: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ఎంచుకోవాలి

ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయో, ఆఫీసులో పక్క సీటు అమ్మాయో మాంగా గురించి, అంటే జపాన్ బొమ్మల కథల గురించి, ఆపకుండా మాట్లాడుతుంటే విని, సరే మనమూ ఒకసారి చూద్దాం అని పుస్తకాల షాపుకు వెళ్లి, ఆ అరల ముందు నిలబడేసరికి ఒకే పేరుతో ముప్పై, నలభై, వంద పుస్తకాలు వరసగా కనిపించి, ఏది తీయాలో తెలియక వెనక్కి వచ్చేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ మొదటిసారి అలాగే వచ్చేశాను. రెండోసారి వెళ్లినప్పుడు అందరూ చెప్పే పేరే కదా అని వన్ పీస్ మొదటి మూడు వాల్యూమ్‌లు కొన్నాను. 1997లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న కథ, వంద వాల్యూమ్‌లు ఎప్పుడో దాటింది. కథ మంచిదే. కానీ అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లు, పిల్లలు పడుకున్నాక దొరికే అరగంటలో చదువుకునేదాన్ని, మూడో వాల్యూమ్ సగంలో ఆగిపోయి, మాంగా నాకు పడదని తేల్చేసుకున్నాను. రెండేళ్ల తర్వాత ఒక స్నేహితురాలు ప్లూటో అనే మాంగా మొదటి వాల్యూమ్ చేతిలో పెట్టి, ఇది ఎనిమిది పుస్తకాల్లో అయిపోతుంది, నీకు డిటెక్టివ్ కథలు ఇష్టం కదా, చదివి చూడు అంది. ఆ రాత్రి ఒంటిగంట దాకా చదివాను.

ఆమె చేసింది చాలా చిన్న పని. మాంగాలో ఏది గొప్పది అని ఆలోచించలేదు, నేను ఎలాంటి కథలు చదువుతానో ఆలోచించింది. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

ముందు మీ అలమర చూసుకోండి

మీరు మాంగాకి కొత్త, అంతేగానీ చదవడానికి కొత్త కాదు. ఇన్నేళ్లుగా ఏవో చదువుతూనే ఉన్నారు, ఏవో సినిమాలు చూస్తూనే ఉన్నారు, ఏది నచ్చుతుందో ఏది విసుగు పుట్టిస్తుందో మీకు బాగా తెలుసు. ఒక కాగితం తీసుకుని, మీరు రెండోసారి చదివిన పుస్తకాలు ఒక మూడు రాయండి. రెండోసారి చదివినవి మాత్రమే, ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి బాగుండేవి వద్దు. ఆ మూడింటిలో ఏముందో చూడండి. నేరం, దర్యాప్తు ఉన్నాయా? ఒక కుటుంబంలో ఎవరూ పైకి మాట్లాడని ఒక విషయం ఉందా? చరిత్రా? దెయ్యాలా? ఊరూ, వంటా, వానా, ఇంటి ముందు అరుగూ ఉన్న నెమ్మదైన కథలా? మాంగా అంటే ఒక తరహా కథ కాదు, కథ చెప్పే ఒక పద్ధతి. జపాన్‌లో అది అన్ని వయసులవాళ్లకూ, అన్ని రుచులకూ వస్తుంది, కాబట్టి మీ కాగితం మీద ఏముంటే దానికి తగ్గది దాదాపు తప్పకుండా ఉంటుంది.

ఇంకో మాట. మన దగ్గర వారపత్రికల సీరియల్స్ కాలం గుర్తున్నవాళ్లకు, లేదా అమ్మా పిన్నీ ఆ సీరియల్స్ చించి దారంతో కుట్టి దాచుకున్న కట్టలు చూసినవాళ్లకు, మాంగా నడిచే తీరు వెంటనే అర్థమవుతుంది. మాంగా పుస్తకంగా పుట్టదు. వారానికో, పదిహేను రోజులకో, నెలకో వచ్చే లావుపాటి పత్రికలో ఒక్కో చాప్టర్‌గా వస్తుంది, వారపత్రికలో అయితే ఒక్కో చాప్టర్ ఇరవై పేజీల లోపే. అలా వచ్చినవి ఎనిమిదో పదో కలిపి తర్వాత ఒక వాల్యూమ్ వేస్తారు. అందుకే ప్రతి చాప్టర్ చివర ఒక కొక్కెం ఉంటుంది, వచ్చే వారం దాకా పాఠకుడు మర్చిపోకుండా. ఒకే కూర్చోవడంలో ఐదు వాల్యూమ్‌లు లాగించేస్తే ఆ కొక్కేలు గుచ్చుకుని అలసటగా అనిపిస్తుంది. రోజుకు రెండు మూడు చాప్టర్లు చదివితే హాయిగా ఉంటుంది, పెద్దవాళ్ల జీవితానికి అదే సరిపోతుంది కూడా.

షోనెన్, సేనెన్ లాంటి మాటలకు భయపడొద్దు

ఈ నాలుగు మాటలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. షోనెన్ అంటే అబ్బాయిల పత్రికలో వచ్చినది, షోజో అమ్మాయిల పత్రికలో, సేనెన్ పెద్ద మగవాళ్ల పత్రికలో, జోసే పెద్ద ఆడవాళ్ల పత్రికలో. అంతే. ఏ పత్రికలో అచ్చయిందో చెప్పే మాటలు ఇవి, కథలో ఏముందో చెప్పేవి కావు. ఆరేళ్ల వయసులో హిరోషిమా మీద బాంబు పడటం చూసి, తండ్రినీ అక్కనూ తమ్ముడినీ పోగొట్టుకున్న కేజీ నకజావా ఆ అనుభవంతో గీసిన బేర్‌ఫుట్ గెన్ 1973లో మొదలైంది వీక్లీ షోనెన్ జంప్‌లో, అంటే అబ్బాయిల పత్రికలోనే. చెవిటి అమ్మాయిని స్కూల్లో ఏడిపించిన అబ్బాయి పెద్దవుతూ ఆ తప్పును మోయడం గురించిన ఎ సైలెంట్ వాయిస్ కూడా షోనెనే. పెద్దవాళ్లం కాబట్టి సేనెనే చదవాలి అని గీత గీసుకుంటే ఇలాంటివన్నీ పోతాయి. అటువైపు, సేనెన్ అని రాసి ఉన్నవాటిలో రక్తం తప్ప ఇంకేమీ లేనివి కూడా బోలెడు.

మీరు చూడాల్సింది వెనక అట్ట మీద ఉండే వయసు గుర్తు. ఇంగ్లీషులో మాంగా వేసే విజ్ సంస్థ పుస్తకాల మీద ఏ, టీ, టీ ప్లస్, ఎం అని ఉంటాయి. ఏ అంటే అందరికీ, టీ అంటే టీనేజ్ పిల్లలకు, టీ ప్లస్ ఇంకాస్త పెద్ద పిల్లలకు, ఎం పెద్దవాళ్లకు మాత్రమే. బొమ్మలు ఉన్నాయి కదా అని పిల్లలు చేతిలోకి తీసుకుంటారు, ఎం ఉన్నవి పై అరలో పెట్టండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

మొదటిది చిన్నది, అయిపోయినది అయి ఉండాలి

కొనే ముందు రెండే రెండు ప్రశ్నలు. ఎన్ని వాల్యూమ్‌లు? కథ పూర్తయిందా? మొదటి ప్రశ్నకు జవాబు పది లోపు ఉంటే మంచిది. రెండోదానికి అవును అని ఉండాలి. తాకెహికో ఇనోవే కుంచెతో గీసిన వాగబాండ్ పేజీలు చూస్తే కళ్లు తిప్పుకోలేం, ఖడ్గవీరుడు మియమోతో ముసాషి కథ, కానీ 37 వాల్యూమ్‌ల తర్వాత 2015 నుంచి ఆగిపోయి ఉంది. ఐ యజావా గీసిన నానా 21 వాల్యూమ్‌ల దగ్గర 2009లో ఆమె అనారోగ్యంతో ఆగింది. రెండూ నాకు ప్రాణం. అయినా మొదటి మాంగాగా ఇవి ఇవ్వను, ఎందుకంటే మొదటిసారి చదివేవాళ్లకు ఒక కథ ఎలా ముగుస్తుందో చూడటం అవసరం. ముగింపు దాకా వెళ్లి పుస్తకం మూసినప్పుడు వచ్చే ఆ నిండుదనమే రెండో పుస్తకం దగ్గరికి తీసుకెళ్తుంది.

డబ్బు లెక్క కూడా వేసుకోండి. ఇక్కడ ఇంగ్లీషు వాల్యూమ్ ఒకటి నాలుగైదు వందల దాకా పడుతుంది. 18 వాల్యూమ్‌ల కథ అంటే ఏడు నుంచి తొమ్మిది వేలు. రెండు మూడు వాల్యూమ్‌లు కలిపి ఒకటిగా వేసే లావు ఎడిషన్‌లు ఉంటాయి, చాలాసార్లు అవే లాభం.

ఇక చదవడం ఎలా

చాలా పుస్తకాలు కుడి నుంచి ఎడమకు. మనకు చివరి అట్ట అనిపించేది అక్కడ మొదటి అట్ట. ప్రతి పేజీలో పైన కుడివైపు ప్యానెల్‌తో, అంటే బొమ్మ ఉన్న గడితో, మొదలుపెట్టి ఎడమకు జరగాలి, ఆ వరస అయ్యాక కింది వరసకు, మళ్లీ కుడి నుంచి. ప్యానెల్ లోపల మాటల బెలూన్లు కూడా అదే దిశలో. మొదటి ముప్పై పేజీలు తికమకగా ఉంటుంది, జవాబు ముందు చదివి ప్రశ్న తర్వాత చదువుతాం, తర్వాత కన్ను దానంతట అదే అలవాటు పడుతుంది. ఇది అంత పెద్ద కష్టం కాదు.

అసలు కష్టం ఇంకొకటి, అది పెద్ద పాఠకులకే వస్తుంది. మనం మాటలు మాత్రమే చదువుతాం. ఇన్నేళ్లు వచనం చదివిన కళ్లు కదా, బెలూన్ నుంచి బెలూన్‌కు గెంతుకుంటూ పోతాయి, మధ్యలో ఉన్న బొమ్మను అలంకారం అనుకుని వదిలేస్తాయి. అలా చదివితే ఒక వాల్యూమ్ ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ఏమీ మిగలదు, ఇంతేనా దీనికి ఇంత హడావుడి అనిపిస్తుంది. చాలామంది పెద్దవాళ్లు మాంగా వదిలేసేది ఇక్కడే అని నా నమ్మకం.

ప్లూటో మొదటి వాల్యూమ్ నుంచే ఒకటి చెబుతాను. కళ్లు కనిపించని ముసలి సంగీతకారుడు ఒకడు పెద్ద కోటలో ఒంటరిగా ఉంటాడు, యంత్రాలంటే అసహ్యం. అతని దగ్గరికి నార్త్ నంబర్ 2 అనే రోబో పనివాడిగా వస్తాడు. నిలువెత్తు మనిషి ఆకారం, మెడ నుంచి కాళ్ల దాకా కప్పేసిన అంగీ. ఆ రోబో ఒకప్పుడు యుద్ధంలో లెక్కలేనంతమందిని కూల్చిన ఆయుధం, ఇప్పుడు తనకు పియానో నేర్చుకోవాలని ఉందని ముసలాయనను అడుగుతాడు. ఆయన తిడతాడు. ఇప్పుడు ఆ పేజీల్లో అంగీని చూడండి. మాటల్లో దాని గురించి పెద్దగా ఏమీ ఉండదు, కానీ ప్రతి ప్యానెల్‌లో అది కప్పుకునే ఉంటుంది, టీ ఇస్తున్నప్పుడు, గదిలో మూల నిలబడ్డప్పుడు. దాని కింద ఏముందో మనకు చూపించేదాకా ఆ బొమ్మ ఓపిగ్గా ఎదురుచూస్తుంది. చూపించాక, అంతకుముందు పేజీలు మళ్లీ తిప్పితే, పియానో నేర్చుకుంటానన్న మాట పూర్తిగా వేరేగా వినిపిస్తుంది. ప్లూటో గీసిన నవోకి ఉరసావా ఆ బాధను ఏ పాత్ర చేతా వాక్యంలో చెప్పించలేదు, అంగీతో చెప్పాడు. బెలూన్లు మాత్రమే చదివితే అది దాటిపోతుంది.

కాబట్టి ఒక పని చేయండి. మొదటి వాల్యూమ్ చదివేటప్పుడు పేజీ తిప్పగానే ఒక్క క్షణం మాటలు చదవకుండా పేజీ మొత్తం చూడండి. తర్వాత చదవండి. మాటలు లేని ప్యానెల్ వస్తే ఆగండి, ఆకాశం, కరెంటు తీగలు, ఖాళీ కుర్చీ, అలాంటివి. అక్కడ రచయిత మిమ్మల్ని ఊపిరి పీల్చుకోమంటున్నాడు. చుట్టూ తెల్లగా ఉండే పేజీ అంచులు ఉన్నట్టుండి నల్లబడితే చాలాసార్లు అది గతం. ఎడమ పేజీ కింద చివరి ప్యానెల్‌లో ఎవరో దేన్నో చూసి ఉలిక్కిపడితే, ఆ చూసినది పేజీ తిప్పాకే ఉంటుంది, కావాలనే అలా అమరుస్తారు. ఫోన్‌లో పైనుంచి కిందికి జారుస్తూ చదివితే ఈ అమరిక అంతా పోతుంది, వీలైతే ట్యాబ్‌ను అడ్డంగా పట్టుకుని రెండు పేజీలూ ఒకేసారి కనిపించేలా పెట్టుకోండి.

తెలుగువాళ్లకు ఇందులో కలిసొచ్చే సంగతులు ఉన్నాయి, నాకు ఇవి చాలా ఇష్టం. జపనీయులు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఇంగ్లీషు అనువాదంలో తరచూ తిప్పేస్తారు గానీ, అక్కడ ఒకరినొకరు ఇంటిపేరుతోనే పిలుచుకోవడం మర్యాద. పేరు చివర శాన్ అంటే దాదాపు మన గారు. చాన్, కున్ అంటే చనువు, చిన్నవాళ్లు. డాక్టరుకూ టీచరుకూ మాంగా గీసేవాళ్లకూ సెన్సే. ఒక కథలో ఇద్దరు రెండు వాల్యూమ్‌ల పాటు ఇంటిపేరుతో శాన్ అని పిలుచుకుని, ఒకరోజు ఒకరు ఉట్టి పేరు పెట్టి పిలిస్తే అక్కడ ఏదో జరిగిపోయిందని అర్థం. మీరు నుంచి నువ్వుకు మారడం ఎంత పెద్ద విషయమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్లకు దీన్ని వివరించాలి. అలాగే శబ్దాలు. బొమ్మల మీద పెద్దపెద్ద జపనీస్ అక్షరాలు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి, అవి చప్పుళ్లు. గుండె కొట్టుకుంటే దోకిదోకి, మనకు దడదడ. మెరిస్తే పికాపికా, మనకు తళతళ. ఉరిమితే గోరోగోరో, మనకు గడగడ. జంట మాటలతో చప్పుడును పట్టుకోవడం రెండు భాషలకూ అలవాటే. నిశ్శబ్దానికి కూడా వాళ్లకు ఒక చప్పుడు ఉంది, షీన్ అని. ఖాళీ గది బొమ్మ మీద ఆ అక్షరాలు పొడుగ్గా సాగదీసి కనిపిస్తే అక్కడ ఎవరూ మాట్లాడటం లేదని.

ఏది చదవాలి

ఇప్పుడు ఆ కాగితం బయటికి తీయండి.

నేరం, సస్పెన్స్ రాసుకున్నవాళ్లకు నేను చెప్పేది ప్లూటో. 2003 నుంచి 2009 దాకా వచ్చింది, 8 వాల్యూమ్‌లు. ఒసాము తెజుకా పిల్లల కోసం గీసిన ఆస్ట్రో బాయ్‌లోని ఒక కథను తీసుకుని ఉరసావా పెద్దల కోసం మళ్లీ చెప్పాడు, ప్రపంచంలో అతి శక్తిమంతమైన ఏడు రోబోలను ఎవరో ఒక్కొక్కటిగా చంపుతుంటే, గెజిక్ట్ అనే రోబో డిటెక్టివ్ వెతుకుతాడు. పాతది తెలియకపోయినా ఏమీ అడ్డం రాదు. అది అయ్యాక అదే చేతి నుంచి మాన్‌స్టర్. జర్మనీలో పనిచేసే తెన్మా అనే జపాన్ సర్జన్‌ను ఆసుపత్రి పెద్దలు మేయర్‌కు ఆపరేషన్ చేయమంటే, అతను ముందు వచ్చిన చిన్న పిల్లాడికి చేసి బతికిస్తాడు. ఏళ్ల తర్వాత ఆ పిల్లాడు ఏమయ్యాడన్నదే కథ. 18 వాల్యూమ్‌లు, కలిపి వేసిన ఎడిషన్ అయితే 9. మొదటి మాంగాగా ఇది పెద్దదే గానీ, డిటెక్టివ్ నవలలు తిండి మానేసి చదివేవాళ్లు నేరుగా ఇక్కడే మొదలుపెట్టినా తప్పు లేదు.

కుటుంబం, జ్ఞాపకాలు రాసుకున్నవాళ్లకు జిరో తనిగుచి. ఈయన పేరు చాలామంది చెప్పరు, అందుకే నేను గట్టిగా చెబుతున్నాను. ఎ డిస్టెంట్ నైబర్‌హుడ్‌లో 48 ఏళ్ల ఉద్యోగి క్యోటో నుంచి ఇంటికి వెళ్లాల్సిన రైలు బదులు ఇంకో రైలు ఎక్కి సొంత ఊరికి చేరతాడు, తల్లి సమాధి దగ్గర నిలబడి ఉండగా 14 ఏళ్ల పిల్లాడైపోతాడు, మనసు మాత్రం 48 ఏళ్లదే. ఆ ఏడాదే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడని అతనికి తెలుసు. ఆపగలడా? ఇంతకంటే చెప్పను. రాత్రి భోజనాల దగ్గర తండ్రి ముఖం, బట్టలు కుట్టే ఆయన చేతులు, ఆ బొమ్మల్లో ఎవరూ అరవరు, ఏడవరు, కానీ తల్లిదండ్రులు కూడా ఒకప్పుడు మనలాంటి వయసులో ఉన్న మనుషులేనని నడివయసులో తెలిసొచ్చే ఆ బరువు ప్రతి పేజీలో ఉంది. అన్ని షాపుల్లో దొరకదు, ధర కూడా ఎక్కువే, అయినా వెతకండి. ఆయనదే ది వాకింగ్ మ్యాన్ ఇంకా నెమ్మది. ఒక మనిషి తన పేటలో నడుస్తుంటాడు, ఒక రాత్రి ఎవరూ లేని ఈత కొలనులో ఈదుతాడు, మాటలు చాలా తక్కువ. పైన చెప్పిన చూడటం నేర్చుకోవడానికి దీన్ని మించిన పుస్తకం నాకు తెలియదు.

చరిత్ర, పురాణం అయితే తెజుకా గీసిన బుద్ధ. 1972 నుంచి 1983 దాకా గీశాడు, ఇంగ్లీషులో 8 పుస్తకాలు. మన దేశపు కథ, అమరావతి, నాగార్జునకొండ చూసి పెరిగిన మనకు ఇంకా దగ్గర. కానీ ఒక హెచ్చరిక. దీన్ని భక్తి పుస్తకంలా మొదలుపెడితే ఇబ్బంది పడతారు. మొదటి పుస్తకంలో సిద్ధార్థుడు దాదాపు కనిపించడు, బానిసగా పుట్టిన చప్రా, జంతువుల మనసులోకి దూరగలిగే తత్తా అనే కల్పిత పిల్లలు నడిపిస్తారు. మధ్యలో వెకిలి హాస్యం కూడా వస్తుంది, పెద్దలకు మాత్రమే తగిన బొమ్మలూ ఉంటాయి. అవన్నీ దాటుకుని వెళితే, కులం గురించి, ఆకలి గురించి ఇంత కోపంగా బుద్ధుడి కథ చెప్పిన బొమ్మల పుస్తకం ఇంకోటి నేను చూడలేదు. మన దగ్గర చందమామతోనూ బొమ్మల రామాయణంతోనూ పెరిగినవాళ్లకు ఆ గీత మొదట వింతగా ఉన్నా తర్వాత అలవాటవుతుంది.

యుద్ధం గురించి చదివేవాళ్లకు బేర్‌ఫుట్ గెన్ ఉంది, 10 వాల్యూమ్‌లు. షిగెరు మిజుకి 1973లో గీసిన ఆన్‌వర్డ్ టువర్డ్స్ అవర్ నోబుల్ డెత్స్ ఒకే పుస్తకం. మిజుకి స్వయంగా సైనికుడిగా వెళ్లి ఎడమ చేయి పోగొట్టుకుని వచ్చినవాడు, మిగిలిన చేత్తో ఇదంతా గీశాడు. చెట్లూ సముద్రం ఫోటోల్లా ఉంటాయి, మనుషులు మాత్రం కార్టూన్లలా ఉంటారు, ఎందుకలా గీశాడో చివరి పేజీల్లో తెలుస్తుంది.

దెయ్యాల కథలకు జుంజి ఇతో గీసిన ఉజుమాకి, అసలు 3 వాల్యూమ్‌లు, ఇప్పుడు ఒకే లావు పుస్తకంగా దొరుకుతుంది. ఒక ఊరికి సుడి ఆకారం పిచ్చి పడుతుంది. రాత్రి భోజనం ముందు చదవొద్దు. సైన్సు కథలకు మకోతో యుకిమురా గీసిన ప్లానెటీస్, 4 వాల్యూమ్‌లు, అంతరిక్షంలో చెత్త ఏరే పనివాళ్ల గురించి. అదే రచయిత వైకింగుల కథ విన్‌లాండ్ సాగా 2005లో మొదలై 2025లో ముగిసింది, మొదట్లో పగ కథలా కనిపించి తర్వాత దారి పూర్తిగా మారుతుంది, రెండో సంవత్సరానికి దాచుకోండి.

కుట్టుపని, నేతపని, ఇంటి పనులు ఇష్టమైనవాళ్లకు కవోరు మోరి గీసిన ఎ బ్రైడ్స్ స్టోరీ. పందొమ్మిదో శతాబ్దపు మధ్య ఆసియా, ఇరవై ఏళ్ల పెళ్లికూతురు అమీర్‌కు పన్నెండేళ్ల కార్లుక్‌తో పెళ్లి. ఆ వయసుల మాట కొందరికి ఇబ్బంది కావచ్చు, ముందే తెలిసి చదవడం మంచిది. బట్టల మీద అల్లికను మోరి గీసిన తీరు చూడాలంటే భూతద్దం కావాలి. ఇది ఇంకా పూర్తి కాలేదు, అయినా చాలా భాగాలు ఒక్కో పెళ్లికూతురి కథగా విడిగా నిలబడతాయి కాబట్టి నా నియమాన్ని ఇక్కడ సడలించాను.

పిల్లలతో కలిసి చదవాలంటే యోత్సుబా. ఐదేళ్ల పాప, ఆమె నాన్న, పక్కింటి అక్కలు, ప్రతి చాప్టర్ ఒక రోజు. జపాన్‌లో ఉద్యోగం చేస్తూ భాష నేర్చుకుంటున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే, జపనీస్‌లోనే ఇది కొనమని చెప్పండి, కాంజీ అక్షరాల పక్కన ఎలా పలకాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మాటలు ఇంట్లో మాట్లాడుకునేవే.

ఎక్కడ దొరుకుతుంది

మనకు షాపుల్లో, యాప్‌లలో దొరికేది ఇంగ్లీషు మాంగానే. డబ్బు పెట్టే ముందు రుచి చూడాలంటే మాంగా ప్లస్ అనే యాప్ ఉంది, షుయేషా ప్రచురణ సంస్థదే, 2019లో మొదలైంది, చాలా కథల మొదటి మూడు చాప్టర్లూ తాజా మూడు చాప్టర్లూ ఉచితం. కొత్త కథ పట్టుకునే ముందు ఆ మూడు చదవండి చాలు. విజ్ వాళ్ల షోనెన్ జంప్ యాప్ నెలవారీ చందాతో ఇండియాలో కూడా పనిచేస్తుంది. కాకపోతే ఈ రెండింటిలో ఎక్కువ భాగం కుర్రాళ్ల కథలే, తనిగుచి లాంటివాళ్ల కోసం పుస్తకమో కిండిల్ ఈ-బుక్కో చూడాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు చాలా సులువు, పబ్లిక్ లైబ్రరీలో మాంగాకి విడిగా అర ఉంటుంది, కార్డు ఉంటే పైసా ఖర్చు లేదు. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అప్పుడప్పుడు దొరుకుతాయి, వరస వాల్యూమ్‌లు మాత్రం దొరకవు, విడి కథలు దొరికితే తీసుకోండి.

నకిలీలతో జాగ్రత్త. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో సగం ధరకే వస్తోందని ఒక సెట్ కొన్నాను. పుస్తకం చేతికి వచ్చాక తెలిసింది. మాంగాలో నీడల కోసం సన్నటి చుక్కలు వేస్తారు, దగ్గరగా చూస్తే ఒక్కో చుక్కా విడిగా కనిపించాలి. నా పుస్తకంలో అవి కలిసిపోయి బూడిద పూసినట్టు ఉన్నాయి, రాత్రి దృశ్యాల్లో ఎవరు ఎక్కడ నిలబడ్డారో కూడా తెలియదు. బైండింగ్ దగ్గర మాటలు లోపలికి మడతపడిపోయాయి, ఒకచోట ఎనిమిది పేజీలు ముందువెనకలయ్యాయి. వాపసు తీసుకోలేదు. ఇప్పుడు అమ్మేవాడి రివ్యూల్లో కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు చూడనిదే కొనను, ధర మరీ తక్కువైతే ఆ వైపే చూడను. దొంగ కాపీలు పెట్టే సైట్లు కూడా వద్దు. వారానికి ఇరవై పేజీలు గీయడానికి ఒళ్లు హూనం చేసుకునేవాళ్లు మాంగా గీసేవాళ్లు, మూడు చాప్టర్లు ఉచితంగా ఇస్తున్నప్పుడు దొంగతనం చేయాల్సిన అవసరం మనకు లేదు.

అనిమే, అంటే జపాన్ యానిమేషన్, చూసి వచ్చేవాళ్లు తరచూ అడిగేది ఒకటుంది, సినిమా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చదవొచ్చా అని. ఈ మధ్య డీమన్ స్లేయర్ సినిమా తెలుగు డబ్బింగ్‌లో థియేటర్లకు వచ్చాక చాలామంది అడుగుతున్నారు. చదవొచ్చు, మాంగా 23 వాల్యూమ్‌లతో 2020లోనే ముగిసింది. కానీ మొదటి వాల్యూమ్ నుంచి చదవండి. తెర మీద రంగూ చప్పుడూ కదలికా అన్నీ వాళ్లే ఇస్తారు, కాగితం మీద అవి మీరు ఇవ్వాలి, ఆ అలవాటు మొదటి నుంచి వస్తేనే వస్తుంది.

నచ్చకపోతే

ఒక వాల్యూమ్ మొత్తం చదవండి, అంటే సుమారు రెండు వందల పేజీలు, నాకు మొదట్లో గంటన్నర పట్టేది, ఇప్పుడు ముప్పావు గంట. మొదటి చాప్టర్‌తో తేల్చొద్దు, ఎందుకంటే పత్రికలో కొత్త కథ నిలబడాలంటే మొదటి చాప్టర్‌లో అన్నీ గుమ్మరించాలి, అసలు నడక రెండు మూడు చాప్టర్ల తర్వాతే కుదురుతుంది. వాల్యూమ్ అయ్యాక కూడా ఎవరికి ఏమవుతుందో తెలుసుకోవాలని అనిపించకపోతే వదిలేయండి, ఎంత పేరున్నదైనా సరే. కాగితం మీద రెండో పుస్తకం పేరు చూసి దానికి తగ్గది వెతకండి.

అనిపిస్తే మాత్రం రెండో వాల్యూమ్ ఆర్డర్ చేసి, అది వచ్చేలోపు మొదటిదాన్ని మళ్లీ తిప్పండి. ఈసారి మాటలు చదవకుండా. నేను ప్లూటో అలా తిప్పినప్పుడు, ముసలాయన పియానో ముందు కూర్చుని ఉంటే నార్త్ నంబర్ 2 తలుపు దగ్గర నిలబడి వినే ప్యానెల్స్ దగ్గర ఆగిపోయాను. మొదటిసారి వాటిని దాటేసి వెళ్లాను, వాటిలో బెలూన్లు లేవు కాబట్టి.